ఉల్టా ఫేరా: ఎలుక నేర్పిన దారి, చాయ్ మీద సాసరు

ఎలుకల మెదడు మీద పనిచేయడానికి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి మేడం అని. నా జవాబు వాళ్లకు నచ్చదు. ముందు ఎలుకను పట్టుకోవడం నేర్చుకోండి, తర్వాత దాన్ని వదిలేసి ఊరికే చూడటం నేర్చుకోండి అంటాను. పట్టుకోవడం వారంలో వస్తుంది. ఊరికే చూడటం నాకు ఐదేళ్లకు గానీ రాలేదు. ఆ ఐదేళ్లు మీకు మిగిల్చాలనే ఇదంతా రాస్తున్నాను. నా పదోన్నతులు, సభలు, శాలువాల సంగతి ఇందులో ఉండదు. శాలువాలన్నీ మా ఇంట్లో కుట్టుమిషన్ మీద కప్పడానికి పనికొచ్చాయి, అంతవరకు వాటికి రుణపడి ఉన్నాను.

మాది దబీర్‌పురా. మా నాన్న, తాత గుడిలో అర్చకులు. అలాంటి ఇంట్లో పుట్టి ఎలుకల తలలో తీగలు దూర్చే ఉద్యోగం తెచ్చుకున్నాను. ప్రతి వినాయక చవితికీ మా అమ్మ ఉండ్రాళ్లు చుడుతూ ఒకే మాట అనేది: "ఆయన బండిని నువ్వు గుంజుకుంటివి. ఇగ ఆయన నడ్సి రావాల్నాయె." నవ్వుకుంటూనే అనేది గానీ, ఆ మాట నాకు ఎక్కడో తగిలేది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఖాళీగా కూర్చున్న ఎలుక

నా మొదటి బాసు గోదావరి జిల్లాల మనిషి. లాబులో అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. ఆయనకో అలవాటుండేది. ఎలుక దారి పరుగు ముగించి, చివర దొరికిన బిస్కట్ ముక్క తినేసి, ముందుకాళ్లతో మూతి తుడుచుకుంటూ కూర్చుంటే, ఈయన చెక్క స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరూ ఏమీ చేయకుండా అరగంట అలాగే ఉండేవాళ్లు. రిటైర్మెంట్ దగ్గరపడింది, పాపం పనిలేక కూర్చుంటున్నాడు అనుకునేదాన్ని. ఆ వయసులో నాకు అందరూ పనిలేని వాళ్లలాగే కనపడేవాళ్లు.

అప్పుడు నాకు థీసిస్ తొందర. ఎనిమిది ఎలుకలకు కొత్త దారి నేర్పాలి. చెక్కతో చేసిన వంకర టింకర దారి, అయిదు మలుపులు, చివర బిస్కట్. రెండు పరుగుల మధ్య ఎలుకకు కాస్త విరామం ఇవ్వాలని నియమం. ఆ విరామాన్ని నేను కోసేశాను. తినీ తినకముందే పట్టుకుని మళ్లీ మొదటికి తెచ్చి పెట్టడం, మళ్లీ తోలడం. రోజుకు రెండింతల పరుగులు చేయించానని గొప్పగా ఉండేది. రెండు వారాలైనా ఎలుకలు రెండో మలుపు దగ్గరే తడబడుతున్నాయి. ఈసారి వచ్చిన ఎలుకలు మందబుద్ధివని పెద్దసారుకు ఫిర్యాదు చేశాను.

ఆయన నా నోటు పుస్తకం తిరగేసి మూసేశాడు. "ఎలకలు మొద్దువి కాదమ్మా. నువ్వే వాటికి ఊపిరాడనివ్వట్లేదు. పరిగెత్తటం ఒక పని. పరిగెత్తాక కూర్చోవటం ఇంకో పని. ఆ రెండోదాన్ని నువ్వు సెలవనుకుంటన్నావు."

విరామం మళ్లీ పెట్టాను. అవే మొద్దు ఎలుకలు వారం తిరిగేసరికి దారి నేర్చాయి. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. అలసిపోయాయి, విశ్రాంతి దొరికింది, బాగా చేశాయి అనుకున్నానంతే. కూర్చున్న ఎలుక నిజంగానే పనిచేస్తుందని నమ్మడానికి నా చెవులతో నేను వినాల్సి వచ్చింది.

చిటపటలు

మెదడు లోపల హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంది. చోట్లు గుర్తుంచుకునే పనిలో దాని పాత్ర పెద్దది. ఎలుక ఒక దారిలో నడుస్తుంటే, మొదటి మలుపు దగ్గర ఆ భాగంలో ఒక కణం సన్నని విద్యుత్ సంకేతంతో పలుకుతుంది, రెండో మలుపు దగ్గర ఇంకోటి, గోడ పక్కన మరోటి. వెంట్రుక కన్నా సన్నని తీగలతో ఆ పలుకుల్ని పట్టుకుని స్పీకర్‌కు కలిపితే పోపులో ఆవాలు చిట్లినట్టు వినపడుతుంది. ఇది మేం కనిపెట్టింది కాదు, ప్రపంచంలో చాలా లాబులకు తెలిసిన సంగతే. కానీ పుస్తకంలో చదవడం వేరు, మన గదిలో మన ఎలుక తలలోంచి వినడం వేరు.

ఆ ఎలుక నంబరు పదిహేడు. ఎడమ చెవికి చిన్న నొక్కు ఉండేది. లాబు ఎలుకలకు పేర్లు పెట్టం, పెడితే తర్వాత కష్టం. పదిహేడు దారంతా పరిగెత్తింది, టప్, టప్, టప్ అని వరసగా వినపడింది. చివరికి చేరి బిస్కట్ తిని, మూతి తుడుచుకుంటూ కూర్చుంది. కాలు కదపడం లేదు. అప్పుడు స్పీకర్‌లో ఒక్కసారిగా "చర్ర్" మని వినపడింది. తీగ వదులైందేమోనని లేచాను. మళ్లీ "చర్ర్." తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రికార్డింగును బాగా నెమ్మది చేసి చూశాను. ఆ ఒక్క చర్ర్‌లో దారంతా ఉంది. పరుగులో పలికిన కణాలే వరసగా, ఎన్నో రెట్ల వేగంతో మళ్లీ పలికాయి. అయితే చివరిది ముందు, మొదటిది చివర. బిస్కట్ దగ్గర మొదలై అయిదో మలుపు, నాలుగో మలుపు, మూడు, రెండు, ఒకటి, బయల్దేరిన గడప. ఆ ఎలుక కూర్చున్న చోటే కూర్చుని, తాను నడిచి వచ్చిన దారిని తలలో వెనక్కి నడుస్తోంది.

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. గుప్పెడంత ప్రాణి. దాని మెదడు ఒక చిక్కుడు గింజంత. ఆ గింజలో ఒక దారి, దారికి మలుపులు, మలుపులకు వరస, ఆ వరసను తిప్పి చదువుకునే వీలు. మా నాన్న గర్భగుడిలో హారతి ఇస్తున్నప్పుడు కూడా నాకు అంత గగుర్పాటు కలగలేదు. పెద్దసారుకు ఫోన్ చేసి చెబితే, అప్పటికి ఆయన రిటైరై ఊళ్లో ఉన్నాడు, ఒక్క మాటే అన్నాడు: "ఇన్నాళ్లకి విన్నావన్నమాట."

అఫ్జల్‌గంజ్ ఆఫీసు

ఇక మనుషుల సంగతి. నా సర్వీసు చివరి ఏడాదిలో, లాబులో తెలిసింది బయట ఎక్కడైనా పనికొస్తుందేమో చూడమని మాకు చెప్పారు. నాకు తెలిసింది దారులు నేర్వడం ఒక్కటే. అఫ్జల్‌గంజ్‌లో మందుల పార్సిళ్లు ఇళ్లకు చేర్చే ఒక చిన్న కొరియర్ ఆఫీసు ఉండేది. కొత్తవాళ్లు పాతబస్తీ గల్లీలు నేర్వలేక వారంలో పారిపోతున్నారని మేనేజర్ నరేందర్ మొత్తుకునేవాడు. ఫోన్‌లో మ్యాపు ఉంటుంది కదా అంటారేమో. మా గల్లీల్లో మ్యాపు ఒక గోడ ముందు నిలబెట్టి "మీరు చేరుకున్నారు" అంటుంది. ఇంటి నంబరు చివర గీత, గీత కింద అక్షరం, దాని కింద మళ్లీ అంకె. పక్కపక్క ఇళ్లకు పొంతన ఉండదు.

అక్కడ పరిచయమైంది సుజాత. నలభై దాటిన మనిషి, ఫలక్‌నుమాలో ఉంటుంది. భర్త లేత్ మిషన్ మీద పనిచేస్తూ నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడు ఇల్లు ఈమె మీదే. నరేందర్ ఆమెకు ఒక నెల గడువు పెట్టాడు. దబీర్‌పురా వైపు ముప్పై ఇళ్ల ఫేరా, అంటే రోజూ తిరగాల్సిన చుట్టు. నెలాఖరుకు ఎవరినీ అడగకుండా తిరిగి రాగలిగితే ఉద్యోగం, లేకపోతే లేదు.

"నాతోని కాదు మేడం," అంది మొదటి రోజే. "చిన్నప్పటి సంది నాకు తొవ్వ యాదికుండది. మా అమ్మ నన్ను కిరాణం దుకాన్‌కు గూడ పంపకపోతుండె. నా తల్కాయల ఏం లేదని మా ఇంట్ల అందరికి ఎర్కే."

ఆ మాట వింటే నాకు పట్టలేని కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆ "అందరి" మీద. చిక్కుడు గింజంత మెదడు చేసే పనిని నా చెవులతో విన్నదాన్ని. దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద మెదడున్న మనిషికి ఏమీ లేదని ఎవరు తేల్చారు?

బండెక్కించిన తప్పు

కోపంతో చేసిన పని సాధారణంగా తప్పే అవుతుంది. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో మ్యాపు గీశాను. ఇది నేను పుట్టి పెరిగిన పేట కదా, నాకు గర్వం కూడా. వారం రోజులు నేను ముందు నడిచాను, సుజాత పార్సిళ్ల సంచితో నా వెనక నడిచింది. ఇక్కడ కుడికి, ఇక్కడ ఎడమకి, ఈ మూల జాగ్రత్త అని చెబుతూ పోయాను. ఆమె బుద్ధిగా తల ఊపేది. ఎనిమిదో రోజు ఒంటరిగా పంపాను. పదకొండు పార్సిళ్లు వెనక్కి తెచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడింది.

"గిట్లయితే నడ్వదు మేడం," అన్నాడు నరేందర్. "ఆమె మంచిదే, నేను కాదంటలేను. కని ఇవి మందులు. లేటయితే మనుషులు పరేషాన్ అయితరు."

సుజాత తలెత్తలేదు. "నేను చెప్పలేదా మేడం," అంది.

ఆ రోజు దబీర్‌పురాకు నడిచి వస్తూ సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకంటే ఇది నాకు తెలియని విషయం కాదు. మా లాబులోనే ఒకప్పుడు చిన్న చక్రాల బండి చేసి, ఎలుకను అందులో కూర్చోబెట్టి దారంతా తిప్పి చూపించాం. అన్ని మలుపులూ చూసింది. కిందికి దింపితే మాత్రం తన కాళ్ల మీద తిరిగిన ఎలుకలాగా ఆ దారిని పట్టుకోలేకపోయింది. నేర్చుకునే ప్రాణి ప్రతి మలుపు దగ్గర తానే తేల్చుకోవాలి, తప్పితే తానే తెల్లబోవాలి. ఇన్నేళ్లు క్లాసుల్లో ఇది చెప్పినదాన్ని, సుజాతను వారం పాటు బండెక్కించి తిప్పాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఎలుక చేసింది కాబట్టి మనిషీ అంతే అని ఎక్కడా రాసేయకండి. ఈమధ్య వీధికొకరు మెదడు శిక్షణ అని బోర్డు పెట్టి, ఎలుకల మీద తేలిందట అంటూ పిల్లల తల్లిదండ్రుల్ని బెదరగొడుతున్నారు. ఎలుక మనకు జవాబు చెప్పదు. ఎక్కడ వెతకాలో సూచన ఇస్తుంది, అంతే. మిగతాది మనిషి దగ్గరే చూసుకోవాలి.

మర్నాటి నుంచి మ్యాపు ఇంట్లో పెట్టేసి, సుజాతకు పది అడుగుల వెనక నోరు మూసుకుని నడిచాను. నా మొత్తం ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. ఆమె తప్పుడు గల్లీలోకి తిరుగుతుంటే నాలుక చివరికి మాట వచ్చేది. కరుచుకునేదాన్ని. ఆమె గోడ దాకా వెళ్లి, తిట్టుకుని, వెనక్కి వచ్చేది. ఆ పూటకు ఆ మలుపు దగ్గర మళ్లీ తప్పేది కాదు. కానీ తెల్లారేసరికి నేర్చిన మలుపుల్లో సగం జారిపోయేవి. నెల సగమైంది.

చాయ్ మీద సాసరు

ఆ ఆఫీసులో జహంగీర్ భాయ్ అనే పెద్దాయన ఉండేవాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. ఫేరా ముగిశాక దబీర్‌పురా స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్‌లో కూర్చునేవాడు. చాయ్ రాగానే కప్పు మీద సాసరు మూత పెట్టి, ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి పెదవులు కదిపేవాడు. తర్వాత సాసరు తీసి తాగేవాడు.

"దువా చేస్తుండు, లొల్లి చేయకున్రి," అని సుజాత నన్ను ఆపింది.

ఆయన కళ్లు తెరిచి నవ్వాడు. "దువా నై బాజీ. ఉల్టా ఫేరా."

ప్రార్థన కాదట, తిరగేసిన ఫేరాట. అర్థం కాలేదన్నాను. ఆయన వేలితో బల్ల మీద గీస్తూ చెప్పాడు. తనకు పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన రివాజు అది. ఆ రోజు ఇచ్చిన ఆఖరి ఇంటి నుంచి మొదలుపెట్టి, వెనక్కి, ఒక్కొక్క గడపా తలుచుకుంటూ మొదటి ఇంటికి చేరాలి. చేరేదాకా సాసరు తీయకూడదు. మధ్యలో చిక్కుకుపోతే చాయ్ చల్లారుతుంది. చాయ్ చల్లారితే ఆ రోజు ఫేరా పూర్తయినట్టు కాదు.

"సీధా తో పావాఁ బీ జాన్తే బాజీ," అన్నాడు. ముందుకైతే కాళ్లకు కూడా తెలుసట. "ఉల్టా యాద్ కరే తోచ్ అందర్ బైఠ్తా." వెనక్కి తలుచుకుంటేనే లోపల కూర్చుంటుందట.

నా కప్పు కింద పెట్టేశాను. పదిహేడో నంబరు ఎలుక మూతి తుడుచుకుంటూ కూర్చుని చేసింది ఇదే. దాన్ని వినడానికి మాకు సూక్ష్మమైన తీగలు, యంత్రాలు, ఎన్నో ఏళ్లు కావలసి వచ్చాయి. మా ఇంటికి నాలుగు గల్లీల అవతల, ఏ తీగా లేకుండా, ఉస్తాద్ నుంచి శిష్యుడైన షాగిర్ద్‌కు, ఒక కప్పు చాయ్ మీద ఇది నడుస్తోంది. ఎలుకలో జరిగేదీ, జహంగీర్ భాయ్ కావాలని చేసేదీ ఒకటే అని నేను ప్రమాణం చేయను. కానీ ఆ రోజు ఆ హోటల్‌లో నాకు లేచి నిలబడి దండం పెట్టాలనిపించింది.

నా ఫోన్‌లో దాచుకున్న ఆ చర్ర్ శబ్దం ఇద్దరికీ వినిపించి, ఎలుక కథంతా చెప్పాను. జహంగీర్ భాయ్ రెండుసార్లు విన్నాడు. "సుబ్‌హానల్లా," అన్నాడు. సుజాత చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. "గింత ఎల్కనా మేడం? దాని తల్కాయల గిన్ని ఉన్నయా?"

"ఉన్నాయి."

"మరి నా తల్కాయల?"

"నువ్వే చూస్కో," అన్నాను. ఆమె తన చాయ్ మీద సాసరు పెట్టింది.

మొదటి రోజు నాలుగు ఇళ్లు వెనక్కి వెళ్లి ఆగిపోయింది. చాయ్ చల్లారింది. తర్వాతి రోజు ఏడు. నంబర్లతో కాదు, గుర్తులతో వెళ్లేది: చిలుక ఉన్న ఇల్లు, పచ్చ జాలీ, మిషన్ చప్పుడు ఇల్లు, మామిడికాయ తొక్కు వాసన. నరేందర్ ఒక గొడవ పెట్టాడు. యాప్‌లో ఆమె పది నిమిషాలు కదలకుండా ఉన్నట్టు ఎర్ర గుర్తు పడుతోందట. "చాయ్ తాగుకుంట కూసుంటె డ్యూటీ ఎట్లయితది మేడం?" విరామాన్ని కోసేసిన నా పడుచుతనం ఎదురుగా కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. ఆ పది నిమిషాలే అసలు డ్యూటీ, నెలాఖరు దాకా ఓపిక పట్టు బాబూ అని బతిమాలుకున్నాను.

"మీ ఎల్కల కత నాకు సమజ్ కాలే," అన్నాడు. "కని మీ మాట మీద ఇడుస్తున్న."

మెట్లు

నెల చివరి రోజు సుజాత ఒంటరిగా బయల్దేరింది. నేనూ జహంగీర్ భాయ్ హోటల్‌లో కూర్చున్నాం. నాకు పరీక్ష రాసినప్పుడు కూడా అంత ఫికర్ లేదు. మధ్యాహ్నానికి ఖాళీ సంచితో వచ్చింది. ముప్పైకి ముప్పై, యాప్ నిండా పచ్చ గుర్తులు. మొహం వెలిగిపోతోంది. జహంగీర్ భాయ్ శభాష్ అనబోతే చేయి అడ్డం పెట్టి, చాయ్ మీద సాసరు మూసింది.

ముప్పైతో మొదలుపెట్టింది. చిలుక ఇల్లు, పచ్చ జాలీ, విరిగిన నల్లా. ఒక్కొక్కటీ గడగడా వెనక్కి పోతోంది. పద్నాలుగు, పదమూడు. పన్నెండు దగ్గర ఆగింది.

"నీలం డ్రమ్ము ఇల్లు. ముసలమ్మ తీస్కుంది..." కళ్లు మూసుకునే ఉంది. కుడికాలు బల్ల కింద కొద్దిగా లేచి మళ్లీ నేల మీద ఆగింది. "మెట్లెక్కలే."

"ఏంది?"

"నీలం డ్రమ్ము ఇంటికి మూడు మెట్లుంటయి మేడం. ఇయ్యాల నేను మెట్లెక్కలే!"

అది ఇన్సులిన్ పార్సిల్. చల్లదనం పోతే పాడైపోతుంది. ఆమె అప్పటికే పరుగెత్తింది. వెనక గల్లీలో అదే నంబరుతో, కింద అక్షరం మాత్రం తేడాగా ఇంకో ఇల్లుంది. దాని ముందు కూడా ఎవరో ఒక నీలం డ్రమ్ము తెచ్చి పెట్టారు. పార్సిల్ ఆ ఇంటి ముసలమ్మ దగ్గర విప్పకుండానే ఉంది, లోపలి ఐస్ ప్యాకెట్ ఇంకా చల్లగానే ఉంది. సుజాత దాన్ని తెచ్చి మూడు మెట్లెక్కి, ఎదురుచూస్తున్న పెద్దాయన చేతికి ఇచ్చింది. తిరిగొచ్చేసరికి ఆమె చాయ్ నీళ్లయిపోయింది. జహంగీర్ భాయ్ ఇంకోటి తెప్పించి తనే సాసరు పెట్టాడు. పన్నెండు నుంచి మళ్లీ మొదలుపెట్టి ఒకటో ఇంటికి చేరి, అప్పుడు తాగింది.

ఆఫీసుకెళ్లి జరిగింది తనే చెప్పింది. చెప్పొద్దని నేను అనలేదు గానీ, చెప్పకపోతే బాగుండని నా మనసులో ఉంది. ఒప్పుకుంటున్నాను. నరేందర్ యాప్ వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "గ్రీన్ పడ్డది గద. ఎవ్వరు ఫోన్ చెయ్యలే. మరి నీకెట్ల తెల్సింది?"

"కాళ్లు మెట్లెక్కలే సార్. యాదికొచ్చింది."

అతను యాప్ మూసేశాడు. "రేపటి సంది పర్మనెంటు," అన్నాడు. "చాయ్ పది నిమిషాలు గూడ పెట్టుకో. ఆ ఎర్ర గుర్తు నేను చూస్కుంట."

బయటికి వచ్చాక సుజాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "నా తల్కాయల ఉన్నది మేడం," అంది. "మస్తున్నది."

పదిహేడు

ఇద్దరం అఫ్జల్‌గంజ్ బస్టాపు దాకా నడిచాం. అక్కడ ఆమె ఉన్నట్టుండి అడిగింది: "మేడం, గా ఎల్క ఏమైంది?"

ముప్పై ఏళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. వ్యాసాల్లో దాన్ని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోతాం. అబద్ధం చెప్పవచ్చు. కానీ ఆమె ఇప్పుడే తన తప్పు తానే చెప్పి వచ్చిన మనిషి.

"తర్వాతి వారం నేనే చంపిన," అన్నాను. "మత్తుమందు ఇచ్చి. తీగలు మెదడులో సరిగ్గా ఎక్కడున్నాయో చూడాలంటే వేరే తొవ్వ లేదు."

బస్సు వచ్చింది, సుజాత ఎక్కి వెళ్లిపోయింది. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు ఇదీ చెప్పాలి. మీరు విని గగుర్పొడిచే ప్రతి అద్భుతం వెనక ఇలాంటి వారం ఒకటి ఉంటుంది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేయకండి. మా అమ్మ చవితి మాట నాకు తగిలే చోటు ఇదే.

మర్నాడు హోటల్‌కు వెళ్లాను. సుజాత ఫేరా ముగించి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, సాసరు మూసి, కళ్లు మూసుకుంది. నేనూ నా కప్పు మీద సాసరు పెట్టాను. ముప్పై నుంచి వెనక్కి, మూడు మెట్లెక్కి, ఒకటో ఇంటికి చేరింది. ఇక సాసరు తీస్తుందనుకున్నాను. తీయలేదు.

"దానికన్న ముందుగాల ఆఫీసు," అంది. "ఆఫీసు కన్న ముందుగాల పదిహేడో నంబరు. ఎడమ చెవికి నొక్కు."

అప్పుడు సాసరు తీసి తాగింది. నేను మాత్రం పదిహేడు దగ్గరే చిక్కుకుపోయాను, నా కప్పు మీది సాసరు అలాగే ఉండిపోయింది. ఆ రోజు నా చాయ్ చల్లారిపోయింది.